రేవమ్మకు రెండో నివేదిక

పాత కత్తులు చూసి ఏది అసలుదో ఏది నకిలీయో తేల్చడం నా వృత్తి అంటే మా క్వార్టర్స్‌లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో బస్తాలు మోసిన మా నాన్నకైతే, నేను పార్క్ స్ట్రీట్ దగ్గర ఎక్కడో కత్తులకు సాన పట్టే దుకాణంలో పని చేస్తున్నానని చివరిదాకా నమ్మకం. దాన్ని చెడగొట్టాలని నేనూ గట్టిగా ప్రయత్నించలేదు. సాన పట్టడమైతే నలుగురికీ పనికొచ్చే పని కదా అని ఆయన సంతోషపడేవాడు.

ఈ మధ్య ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన కొందరు ఇంటికొచ్చి, 'మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి' అన్నారు. సరే, రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. ఏ కత్తి ఎంతకు పోయిందో కూడా రాయను. నాకు బుద్ధి చెప్పిన సంగతులు మాత్రమే రాస్తాను. అందులోనూ ఎక్కువ భాగం ఒక్క కత్తి గురించే ఉంటుంది. దాని మూలంగా నేనొక పోలీస్ స్టేషన్‌లో గోడవైపు తిరిగి నిలబడాల్సి వచ్చింది, ఒక అమ్మవారికి దుబాసీగా పని చేయాల్సి వచ్చింది. ఇవి మీకు ఏ కోర్సులోనూ చెప్పరు.

పని అంటే ఇంతే

మాది పాత వస్తువుల వేలం సంస్థ. జమీందార్ల షాండ్లియర్లు, దొరల కుర్చీలు, పలకని గ్రామఫోన్లు, వీటి మధ్యలో ఆయుధాల మూల నాది. బాకులు, తుపాకులు, డాళ్లు అన్నీ వచ్చేవి. అన్నిటికన్నా ఎక్కువ తలనొప్పి మాత్రం జపాన్ కత్తులే.

కలకత్తాలో జపాన్ కత్తులేమిటని మీకు అనుమానం రావచ్చు. యుద్ధకాలంలో బర్మా ఇక్కడికి పక్కిల్లు. ఓడిపోయిన జపాన్ అధికారుల దగ్గర లాక్కున్న కత్తుల్ని మనవాళ్లు, తెల్లవాళ్లు సంచుల్లో వేసుకొచ్చారు. ఇప్పుడు వాళ్ల మనవలు వాటిని దుప్పట్లో చుట్టి మా కౌంటర్ మీద పెడతారు. ప్రతి కత్తితో పాటూ ఒక కథ వస్తుంది. కథ వినండి, టీ తాగండి, ఆ తర్వాత కథను పక్కన పెట్టి పిడి ఊడదీయండి.

పిడికి అడ్డంగా ఒక చిన్న వెదురు మేకు ఉంటుంది. దాన్ని తట్టి తీస్తే పిడి ఊడి వస్తుంది. లోపల ఇన్నాళ్లూ దాక్కున్న ఇనుప భాగాన్ని మేం తోక అనేవాళ్లం. కత్తి జాతకమంతా అక్కడే. అలుగుకు, అంటే బయటికి కనిపించే కోసే భాగానికి, ఎన్నిసార్లయినా మెరుగు పెడతారు గాని తోకను ఎవరూ ముట్టుకోరు. తరాల తరబడి తుప్పు పట్టి పట్టి అది నేరేడుపండు రంగుకు తిరుగుతుంది. ఆ తుప్పు వేలికి అంటదు. నకిలీవాళ్లు ఆసిడ్ పోసి పట్టించిన తుప్పు నారింజ రంగులో ఉండి వేలికి అంటుకుంటుంది. చేసినవాడి పేరు కూడా ఆ తోక మీదే చెక్కి ఉంటుంది. అందుకే మా పనిలో మొదటి ఆజ్ఞ: తోక మీద తుప్పును తుడవకు.

ఆ ఆజ్ఞ నాకెలా తెలిసిందో చెబుతాను.

చింతపండు, ఇటుక పొడి

నాకు పని నేర్పినవాడు హాల్దార్ బాబు. పిసినారి, నోటి దురుసు మనిషి. మధ్యాహ్నం చేపల పులుసు తిని చేతులు కేటలాగు కాగితాలకు తుడుచుకునేవాడు. నాలుగేళ్లు నాకు పేరు పెట్టి పిలవలేదు, డాకుల నుంచి వచ్చానని 'ఓయ్ డాక్' అనేవాడు. అయినా ఇవాళ్టికీ ఆయన పేరెత్తితే నేను కుర్చీలోంచి లేస్తాను. కొనేవాడి మొహం చూసి నివేదికలో ఒక్క అక్షరం అటూ ఇటూ చేసిన మనిషి కాదు.

నేను చేరిన మొదటి ఏడాది విశ్వకర్మ పూజ వచ్చింది. మీకు తెలుసు, ఆ రోజు ఈ ఊళ్లో క్రేన్ నుంచి కత్తెర దాకా ప్రతి పనిముట్టుకూ పూజే. ముందురోజు హాల్దార్ బాబు బయటికి వెళ్తూ, 'కత్తులు కాస్త శుభ్రం చేసి పెట్టు' అన్నాడు. దుమ్ము దులపమని ఆయన ఉద్దేశం. నేను డాకు క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి. శుభ్రం అంటే మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే శుభ్రం. చింతపండు తెచ్చాను. ఇటుక నూరాను. కొబ్బరి పీచు పట్టుకుని కూర్చున్నాను. ఒక జపాన్ కత్తికి పిడి ఊడదీసి చూస్తే లోపలంతా నల్లగా తుప్పు. ఛీ, ఇన్నేళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు కదా అని మనసు చివుక్కుమంది. ఇక చూసుకోండి, నా ప్రతాపమంతా ఆ తోక మీద చూపించాను. అద్దంలా చేసి, పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టాను.

హాల్దార్ బాబు వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నన్ను మెచ్చుకుంటాడని ఎదురుగా నిలబడ్డాను.

'నామ్‌టా కొథాయ్ గేలో?' అన్నాడు. పేరెక్కడికి పోయింది అని.

'ఏ పేరు సార్?' అన్నాను.

ఆయన నేల మీద కూలబడి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, ముక్కు చీదుకుంటూ. మూడు వందల ఏళ్లు నిలిచిన ఒక కమ్మరి పేరును నేను రెండు గంటల్లో చింతపండుతో కడిగేశాను. నన్ను పనిలోంచి తీసేయలేదు. తీసేస్తే బాగుండునని చాలాకాలం అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి కత్తినీ నా చేతికిచ్చి, 'చూసింది రాయి. చూడనిది రాయకు' అనేవాడు. వేలసార్లు అని ఉంటాడు.

అందరికీ అసలుదే కావాలి

ఈ వృత్తిలో మీ దగ్గరికి వచ్చేవాళ్లంతా ఒకే మాట వినడానికి వస్తారు. దాన్ని మీరు చెప్పలేరు. అప్పుడు వాళ్ల మొహాలు చూడటమే మీ అసలు ఉద్యోగం.

బాలీగంజ్ నుంచి ఒక డాక్టరుగారు వచ్చారు. జపాన్ జనరల్ స్వయంగా మోకాళ్ల మీద కూర్చుని వాళ్ల తాతగారికి సమర్పించుకున్న కత్తి అన్నారు. పిడి ఊడదీస్తే లోపల తయారుచేసిన దుకాణం పేరు హిందీలో ఉంది. చూపించాను. డాక్టరుగారు కళ్లద్దాలు తుడుచుకుని, 'జనరల్ గారికి హిందీ వచ్చేదన్నమాట' అన్నారు. ఎంతో గౌరవంగా అన్నారు.

సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో పనిచేసే ఒక తెలంగాణ కుర్రాడు ఆన్‌లైన్‌లో కొన్న కత్తి తెచ్చాడు. 'అన్నా, గిది ఒరిజినలేనా?' అన్నాడు. ఒర లోపల చిన్న చీటీ అంటించి ఉంది, గిన్నెలు కడిగే యంత్రంలో పెట్టవద్దని. చదివి వినిపించాను. చాలాసేపు ఆలోచించి, 'అయితే చేత్తోనే కడగాల్నా అన్నా?' అన్నాడు. ఇలాంటివాళ్లను ఎగతాళి చేయకండి. నేను చేశాను, తర్వాత సిగ్గుపడ్డాను. కత్తి మీద వాళ్లకున్న ఇష్టం మాత్రం నకిలీ కాదు.

అలా అందరూ అసలుదని చెప్పమని బతిమాలినవాళ్లే. బొమ్మ అని రాయమని నా కాళ్లు పట్టుకున్న మనిషి ఒక్కతే. ఆమె తెచ్చిన కత్తేమో నా సర్వీసులో నేను చూసినవాటన్నిటిలోకీ గొప్పది.

స్టేషన్‌లో రేవమ్మ

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు డాకుల వైపు ఒక పోలీస్ థానా నుంచి ఫోను వచ్చింది. అధికారి, అంటే ఇక్కడి మాటలో బడోబాబు, నిమ్మళమైన మనిషి. 'రావు దాదా, ఒక చిక్కు వచ్చిపడింది. విశ్వకర్మ పూజ ఊరేగింపులో మీ తెలుగువాళ్లు నెత్తిన ఒక పొడుగాటి కత్తి పెట్టుకుని తిరిగారు. ఎవడో వీడియో తీసి పైకి పంపాడు. దాన్ని పట్టుకొచ్చి పెట్టాను. నిజంగా పాత జపాన్ కత్తి అయితే మ్యూజియానికి అప్పగించాలి. అలంకారానికి చేసిన బొమ్మ అయితే వాళ్లకే ఇచ్చేస్తాను. మీరొచ్చి చూసి ఒక్క ముక్క రాసివ్వండి.'

వెళ్లాను. పట్టుకొచ్చిన సామాను పెట్టే గదిలో, దొంగ సైకిళ్లకూ సారా డబ్బాలకూ మధ్య ఒక కుర్చీ. కుర్చీలో పసుపుపచ్చ చీర కట్టుకుని, వెండి కళ్లు పెట్టుకుని, మొన మీద నిమ్మకాయతో కత్తి నిలబడి ఉంది. మెడలో కేసు నంబరు చీటీ వేలాడుతోంది. కాపలా కానిస్టేబుల్ బూట్లు బయట విప్పి, లోపల అగరొత్తులు వెలిగించి కూర్చున్నాడు. 'మూడేళ్లుగా బదిలీ కోసం తిరుగుతున్నాను దాదా. నిన్న ఈ అమ్మకు చెప్పుకున్నాను. పొద్దున్నే ఆర్డరు వచ్చింది' అన్నాడు. ఇప్పుడు తనకు వెళ్లాలని లేదట.

గుమ్మం దగ్గర సింహాచలం అప్ప కూర్చుని ఉంది. అప్ప అంటే మావాళ్లలో అక్క. మా క్వార్టర్స్ వెనక లైన్‌లో ఉండే మనిషి, చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. మునిసిపాలిటీలో వీధులు ఊడ్చి రిటైరైంది. యుద్ధం అయిన కొత్తలో ఆమె మామగారు డాకులో రంగూన్ ఓడ దింపుతుంటే పగిలిన పెట్టెలో ఈ కత్తి దొరికిందట. దాన్ని దాచడానికి పక్కకు వెళ్లిన నిమిషంలోనే క్రేను తాడు తెగి, ఆయన నిలబడ్డ చోట బరువంతా వచ్చి పడింది. కత్తే పక్కకు లాగి కాపాడిందని ఇంటికి తెచ్చి, చీర కట్టి, రేవమ్మ అని పేరు పెట్టి నిలిపాడు. ఆ లైన్ అంతటికీ అప్పటినుంచీ ఆమే దిక్కు. చిన్నప్పుడు నేనూ దండం పెట్టుకున్నవాణ్ణే గాని, చీర మాటున ఉన్న అలుగును ఎప్పుడూ చూడలేదు.

అప్ప నన్ను చూడగానే రెండు కాళ్లూ చుట్టేసింది.

'ఒరే తమ్ముడా, బొమ్మని రాసీరా! నీకు పున్నెముంటాది. అమ్మని మూజియంలో ఎట్టేత్తే మాకేటుంటాది? మా మావ తెచ్చినాడు. కోడలిగా వొచ్చిన కాణ్నుంచి నాను నీల్లు పోసి సాకినాను. నాకు పిల్లా జెల్లా ఎవులున్నారు, సెప్పు?'

'లే అప్పా, ముందు చూడనీ' అన్నాను. ఎలాగూ బొమ్మే అయి ఉంటుందని నా ధైర్యం. అన్నీ బొమ్మలే వస్తాయి కదా.

అమ్మ వాంగ్మూలం

పిడి ఊడదీయాలన్నాను. దానికి ముందు చీర విప్పాలి. మగవాళ్ల ఎదుట అమ్మ చీర విప్పడమేమిటని అప్ప గయ్యిమంది. అందుకని బడోబాబు, కానిస్టేబుల్, నేను ముగ్గురం గోడవైపు తిరిగి నిలబడ్డాం. గోడ మీద పారిపోయిన నేరస్థుల ఫోటోలు ఉన్నాయి. వెనక చీర గరగరలాడుతుంటే మేం వాళ్ల మొహాలు శ్రద్ధగా చదివాం.

'ఇటు తిరగండి. పిడి తియ్యాలంతే అమ్మని అడగాల' అంది అప్ప. అడిగింది. అంతే, జుట్టు ముడి ఊడిపోయింది, ఒళ్లంతా ఊగిపోయింది, కళ్లు ఎర్రబడ్డాయి. అమ్మ పూనింది. కానిస్టేబుల్ నేల మీద సాగిలపడ్డాడు.

బడోబాబు మాత్రం డైరీ తెరిచాడు. పద్ధతి తప్పని మనిషి.

'ఈమె వాంగ్మూలం ఇస్తోందా?'

'అవును.'

'సాక్షిగానా, పట్టుకొచ్చిన వస్తువుగానా?'

'వస్తువుగానే' అన్నాను. రాసుకున్నాడు.

'వయసు అడగండి.'

అడిగాను. 'ఆడదాని వయసడగతావేట్రా పోలీసోడా!' అని అమ్మ ఉరిమింది.

'చెప్పడం ఇష్టం లేదట' అన్నాను.

'నివాసం?'

'సముద్రం!'

'అది ఏ థానా కిందికి వస్తుంది?' అని బడోబాబు తనలో తాను గొణుక్కుని, ఆ గడి ఖాళీగా వదిలాడు. తర్వాత కలం పైకెత్తి, 'అసలు సంగతి అడగండి. తను నిజమైన పాత కత్తా, బొమ్మా?' అన్నాడు.

నేను నీళ్లు నములుతూ అడిగాను. అమ్మ నా వైపు తిరిగింది.

'నాను బొమ్మనేట్రా? ఎవడ్రా అన్నోడు? నా ఒంటిమీద సెయ్యేసి సూడు! నాను అసలైనదాన్ని! సెప్పు వాడికి!'

'ఏమంటోంది?' అన్నాడు బడోబాబు.

గుమ్మం దగ్గర నా కాళ్లు పట్టుకున్న మనిషి ఒళ్లే అది. నోరు కూడా అదే.

'ఏముంది సార్, మామూలుగా తిడుతోంది' అన్నాను.

కాసేపటికి అప్ప కూలిపోయింది. మొహాన నీళ్లు చల్లితే కళ్లు తెరిచి, 'బొమ్మని రాసినావేటి తమ్ముడా?' అని అడిగింది. పూనినప్పుడు ఏమన్నదో ఆమెకు తెలియదు.

నేను వెదురు మేకు తట్టి పిడి లాగాను. లోపలి తోక తళతళా మెరిసింది. మా అమ్మ తోమిన చెంబులా ఉంది. మామగారూ కోడలూ కలిసి ఏటా విశ్వకర్మ పూజకు చింతపండూ ఇటుక పొడీ పెట్టి తోమిన తోక అది. పేరు లేదు, తుప్పు లేదు, వయసు చెప్పే ఆధారం ఒక్కటీ మిగల్లేదు. నేను నేల మీద చతికిలబడ్డాను. హాల్దార్ బాబు ఎందుకు ఏడ్చాడో నాకు అప్పుడు నిజంగా తెలిసింది.

తర్వాత కిటికీ వెలుగులో అలుగును అడ్డంగా పట్టి చూశాను. గీతలు పడినా లోపలి ఉక్కు బతికే ఉంది. మడిచి మడిచి కొట్టిన ఉక్కులో చెక్క ఈనెల్లాంటి పొరలు, అంచు పొడవునా పొగమంచులా తెల్లటి చార. ఆసిడ్‌తో గీసిన చారకు లోతు ఉండదు, కత్తిని వెలుగులో అటూ ఇటూ తిప్పితే చచ్చిపోతుంది. ఇది కదులుతోంది. ఎప్పుడో నాలుగైదు వందల ఏళ్ల కిందట ఒక మహానుభావుడు చేసిన పని అది. జన్మకు ఒక్కసారి ఇలాంటిది చేతికొస్తే చాలని అనుకునేవాణ్ణి. వచ్చింది. వచ్చాక, దాన్ని బొమ్మ అని రాయమని అప్ప అడుగుతోంది.

నేను రాసింది

బల్ల దగ్గర కూర్చుని ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాశాను. తోక మీద వయసు తేల్చే ఆధారం లేదు. చేసినవాడి పేరు లేదు. కాబట్టి ఇది పురాతన వస్తువని ధ్రువీకరించలేను. మూడూ అక్షరాలా నిజాలే. అలుగు గురించి ఒక్క ముక్క రాయలేదు.

బడోబాబు చదివి, 'అంటే బొమ్మే కదా?' అన్నాడు.

నేను కళ్లద్దాలు సర్దుకున్నాను. 'మీకెలా అనిపిస్తే అలా' అన్నాను.

ఆయన కింద 'అలంకార వస్తువు మాత్రమే' అని చేర్చి, సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఆయన పూర్తిగా నమ్మాడని నేననుకోను. ఆయనకూ ఆ కుర్చీ ఖాళీ అయితే చాలు.

మీరెవరైనా ఇలా చేస్తే నేను ఒప్పుకోను. వృత్తిపరంగా అది తప్పు, సమర్థించుకోను కూడా. చూసింది దాచడమంటే చూడనిది రాయడమే. కానీ అప్ప చేతులు నా కాళ్లకు ఇంకా తగులుతూనే ఉన్నాయి, ఏం చెయ్యను? డప్పులు వచ్చాయి, వ్యాను వచ్చింది. రేవమ్మ చీర కట్టుకుని ఇంటికి వెళ్లింది. కానిస్టేబుల్ బదిలీ మానుకుని వ్యాను వెనకే నడిచాడు.

అలక

నేను రిటైరైన తర్వాత ఒకరోజు గార్డెన్ రీచ్‌లో నేనిప్పుడు ఉంటున్న ఇంటికి అప్ప బస్సెక్కి వచ్చింది. చిక్కిపోయింది. మంచినీళ్లిచ్చినా పుచ్చుకోలేదు.

'ఏం అప్పా, ఏమైంది?'

'నువ్వు రాసిన కాయితం కొంప ముంచీసిందిరా.'

స్టేషన్ ఇచ్చిన ఆ కాగితాన్ని ఎవరో ఫోటో తీసి ఫోన్లలో తిప్పారు. మా క్వార్టర్స్ కుర్రాళ్లకు తెలుగు చదవడం రాదు గాని ఇంగ్లీషు బాగా వచ్చు. 'డెకరేటివ్ ఐటమ్' అని గుడి ముందే నవ్వుకున్నారట. కొబ్బరికాయలు తగ్గాయి. తర్వాత మనుషులు తగ్గారు.

'జనం రాకపోతే పోనీరా. అమ్మే రావడం మానీసింది. ఆ కాయితం గుళ్లోనే సదివినారు. అమ్మ ఇనీసింది. అప్పట్నుంచి ఒక్కపాలి నా మీదకి రానేదు. ఎన్ని మొక్కినా పలకదు. తను బొమ్మననుకుంతంది. నువ్వు సదూకున్నోడివి, నువ్వే అన్నావు, మరి అమ్మ నమ్మదేటి?'

'ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?'

'వొచ్చి సెప్పు. నాకు కాదు, అమ్మకి సెప్పు.'

నవ్వొచ్చింది. ఆ వెంటనే నా కళ్లు చెమర్చాయి. చొక్కా వేసుకుని ఆమె వెంట బయల్దేరాను.

రేవమ్మ ఉండేది రేకుల గది. మిట్టమధ్యాహ్నం, లోపల ఉడికిపోతోంది. పీట మీద కత్తి చీరలో నిలబడి ఉంది. నేను ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఎటు చూసి మాట్లాడాలో తెలియలేదు.

'చెవి ఏ వైపు అప్పా?'

'అమ్మోరికి అంతా సెవేరా. కానీ.'

మొదలుపెట్టాను. అలుగు నిడివి, వంపు, ఉక్కు పొరలు అంటూ వేలంపాటలో చెప్పినట్టు చెబుతుంటే అప్ప నా డొక్కలో పొడిచింది. 'ఆ పుస్తకాల మాటలు అమ్మకేటి తెలుత్తాయి? మన మాటల్లో సెప్పు.'

చిన్నప్పుడు వదిలేసిన మాటలు వెతుక్కున్నాను. 'తల్లీ, నువ్వు బొమ్మవి కాదు. నాను అబద్దమాడినాను. నిన్ను సేసినోడు నిప్పుల కాడ రోజుల తరబడి కూకుని, మడత మీద మడతేసి కొట్టినాడు. నీలాటిది నా సేతికి మరోటి రానేదు. నీ పేరు మేమే తోమీసినాం తల్లీ, చింతపండెట్టి. మాకు తెలీక. తప్పు మాదీ, నాదీ. నువ్వు అసలైనదానివి' అన్నాను. అరవై దాటిన మనిషిని, ఒక కత్తికి క్షమాపణ చెబుతున్నాను.

పక్కన అప్ప ఊగడం మొదలైంది.

'మరి ఆ ముక్క టేసన్‌లో ఎందుకు సెప్పనేదురా?' అంది అమ్మ.

'చెబితే మూజియంలో ఎట్టేత్తారు తల్లీ. గాజు పెట్టిలో. కొబ్బరికాయుండదు, పసుపుండదు, నీ బిడ్డలుండరు.'

రేకుల కింద చెమట కారుతోంది. అమ్మ గొంతు తగ్గించి అడిగింది.

'ఏసీ ఉంటాదా?'

'ఉంటాది తల్లీ' అన్నాను.

అమ్మ ఒక నిట్టూర్పు విడిచి దిగిపోయింది.

అప్ప లేచి కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. 'వొచ్చిందా? అమ్మ వొచ్చిందా? ఏటంది?'

ఏదో ఒకటి చెప్పేయవచ్చు. నీ దగ్గరే ఉంటానంది అంటే ఆమె సంతోషిస్తుంది. కానీ దుబాసీగా ఒకసారి చేసిన తప్పు చాలనుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె రేకులకేసి చూసింది. గోడకేసి చూసింది. బోరుమంది.

'ఓలమ్మ, ఎంత పాపం సేసీసినాన్రా! ఇన్నేళ్లూ ఈ రేకుల కింద ఉడికిపోనాది తల్లి. ఒక్కనాడు నోరిప్పి అడగనేదు. మనమేమో పులుపెట్టి తోమీసినాం. తీస్కెల్లిపోరా తమ్ముడా. బడోబాబుకి సెప్పీ. అమ్మకి ఆడ సుకమైతే ఆణ్ణే ఉండనీ. నా కోసం తనెందుకు మాడాల?'

ఆమె ఊరికే అనలేదు. లేచి అమ్మ చీరలు మడత పెట్టడం మొదలుపెట్టింది, పంపించేయడానికి. నాలోని నిపుణుడు 'సరే' అనబోయాడు. కత్తికి అదే మంచిది. నెమ్ము ఉండదు, చింతపండు ఉండదు, మరో వెయ్యేళ్లు నిలుస్తుంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

'అప్పా, అమ్మ ఏసీ ఉంటాదా అని అడిగింది. మ్యూజియానికి పోతానని అనలేదు' అన్నాను.

ఆమె చేతిలో చీర ఆగిపోయింది.

రెండో నివేదిక

ఇప్పుడు మా క్వార్టర్స్ మొత్తం మీద ఏసీ ఉన్నది ఒక్క రేవమ్మకే. వాడిన ఏసీయే, చందాలు వేసుకుని కొన్నారు. కత్తికి పొడిగాలి మంచిదని నేను ఊరికే అనడం లేదు, అది శాస్త్రమే. చింతపండు మాన్పించాను. పూజకు లవంగ నూనె రాసి, మెత్తటి గుడ్డతో తుడుస్తాం, నా చేతులతోనే. రావడం మానేసిన భక్తులు తిరిగొచ్చారు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో లోపల కాలు పెట్టడానికి చోటుండదు. నవ్విన కుర్రాళ్లే ఫోన్లు పట్టుకుని గోడకు చేరబడి కూర్చుంటారు, వస్తూ ఒక దండం, పోతూ ఒక దండం. భక్తి ఎంత, చల్లదనం ఎంత అని తేల్చమని మాత్రం నన్ను అడగకండి.

అంతా బాగానే ఉంది గాని అప్పకు ఒక్కటే దిగులు. కిందటి నెల పిలిపించింది. మంచానపడి ఉంది.

'ఆ దొంగ కాయితం ఇంకా టేసన్‌లో ఉందిరా. నాను పోతే రేపు అమ్మని ఎవులు ఏటనుకుంతారు? ఇంకో కాయితం రాయి, అసలైనదని.'

'రాస్తే మళ్లీ పట్టుకుపోతారప్పా.'

ఆమె నన్ను జాలిగా చూసింది. 'తెలుగులో రాసీరా. ఈడ తెలుగు సదివీవోడు ఎవుడున్నాడు?'

నాకు ఈ ఆలోచన తట్టనే లేదు. అందుకే మీరడిగిన అనుభవాలను తెలుగులో రాస్తున్నాను. పేర్లు మార్చాను, లైను నంబరు చెప్పను. మిగతాదంతా చూసింది చూసినట్టు.

పరీక్షించిన వస్తువు రేవమ్మ. అలుగు ఉక్కు మడిచి చేతితో కొట్టినది, అంచు చార సహజమైనది, నాలుగైదు వందల ఏళ్ల నాటి జపాన్ పనితనం. తోక మీద పేరు లేకపోవడానికి కారణం ఆమెను ప్రేమించినవాళ్లు ఏటా తోమడం. ఆమె అసలైనది. ఇంతకుముందు ఇంగ్లీషులో ఇచ్చిన కాగితం అబద్ధం. రెండిటి కిందా సంతకం నాదే.